ఆస్ట్రియాలో క్రాంపుస్ రాత్రి: పిక్కల మీద దెబ్బలతో నా రివ్యూ

నమస్తే అండి. ముందు స్క్రీన్ చూడకండి, ఈ శబ్దం వినండి.

విన్నారా? గుడి గంటలు కావు, ఆవుల మందా కాదు. డిసెంబర్ 5 రాత్రి, ఆస్ట్రియాలో గస్టైన్ లోయలో బాద్ హోఫ్‌గస్టైన్ అనే ఊరు. నేను నిలబడ్డ సందు చివర నుంచి వస్తున్న మోత ఇది. మనిషి ఇంకా కనపడలేదు. నా ఒక చేతిలో కెమెరా, ఇంకో చేతిలో గ్లూవైన్, అంటే మసాలా వేసి వేడి చేసిన వైన్. పరిగెత్తాల్సి వస్తే రెండింట్లో ఏది పడెయ్యాలా అని ఆలోచిస్తున్నా. నిజంగా.

విషయం ఏంటంటే, డిసెంబర్ 6 సెయింట్ నికోలస్ పండగ. ముందు రోజు రాత్రే ఆయన బిషప్ వేషంలో ఇంటింటికీ వచ్చి పిల్లలకు తాయిలాలిస్తాడు. అల్లరి చేసినవాళ్ల సంగతి చూడ్డానికి వెంట వచ్చే కొమ్ముల రాక్షసుడే క్రాంపుస్. మనింట్లో "బూచాడొస్తాడు" అని భయపెట్టి అన్నం పెడతారు కదా, ఇక్కడ ఆ బూచాడు నిజంగానే వచ్చి తలుపు కొడతాడు.

నేనుండేది మ్యూనిక్‌లో. క్రాంపుస్ పరుగు, అంటే ఆ వేషాలేసుకుని వీధుల్లో చేసే ఊరేగింపు, అంతకుముందు ఒక పెద్ద ఊళ్లో చూశాను. బారికేడ్లు, పొగ మిషన్లు, రాక్ పాటలు, ముందు వరసలో అందరి చేతుల్లో ఫోన్లు. ఓ కంపెనీ దగ్గర ప్యాకేజీ కూడా కొన్నాను. "ముందు వరస గ్యారంటీ" అన్నారు, తీరా చూస్తే నాకు దక్కింది ఓ ఆరడుగుల మనిషి వీపు. కాబట్టి ఈసారి సాల్జ్‌బర్గ్ దాకా వెళ్లి, అక్కడ రైలు మారి లోయలోకి వెళ్లాను. ఈ ఊళ్లో టికెట్ లేదు, తాడు కూడా లేదు. వీధే స్టేజీ.

గస్టైన్‌లో వీళ్లు గుంపులుగా తిరుగుతారు. ఒక గుంపుని 'పాస్' అంటారు. అందులో నికోలస్, ఒక దేవదూత, వీపున బుట్ట మోసే మనిషి, మిగతా వాళ్లు క్రాంపుస్‌లు. ఈ క్లిప్‌లో ఆ ముసుగు చూడండి. దాన్ని 'లార్ఫె' అంటారు. చెక్కతో, చేత్తో చెక్కింది. పైన మేక కొమ్ములు. ఒళ్లంతా మేకతోలో గొర్రెతోలో. నడుము వెనక గిన్నెలంత గంటలు. చేతిలో బర్చ్ పుల్లల కట్ట. చింతబరికెతో తిన్నవాళ్లకి దాని గురించి విడిగా చెప్పక్కర్లేదు.

నేను హైదరాబాద్ వాణ్ణి. చిన్నప్పుడు లాల్‌దర్వాజ బోనాల్లో పోతరాజు కొరడా ఝళిపిస్తుంటే నాన్న భుజాల మీద కూర్చుని ఏడ్చినవాణ్ణి. ఇది కూడా అలాగే ఉంటుందనుకున్నా. కాదండీ. పోతరాజు ముఖం కనిపిస్తుంది, ఆ పసుపు వెనక మన బస్తీ అన్నే ఉన్నాడని తెలుస్తుంది. ఇక్కడ ముఖం చెక్క. అది కదలదు, లోపల కళ్లు మాత్రం కదులుతాయి. ఒక క్రాంపుస్ నా ముందు ఆగి, ముఖం జానెడు దూరంలో పెట్టి, ఏం చెయ్యకుండా నిలబడ్డాడు. చెక్క నోట్లోంచి ఆవిరి వస్తోంది. తడిసిన మేక వాసన. అంతే, ఏదో అయిపోయిందనుకున్నా. అప్పుడు పడింది పిక్క మీద! గ్లూవైన్ ఒలికింది. కెమెరా మాత్రం వదల్లేదు, దానికి నన్ను మెచ్చుకోండి.

రెండు పాస్‌లు వీధిలో ఎదురుపడితే ఏమవుతుందో కూడా చూశాను. ఇద్దరిద్దరు క్రాంపుస్‌లు ఎదురెదురుగా నిలబడి, భుజంతో భుజాన్ని ఢీకొంటారు. పొట్టేళ్ల పందెం గుర్తొచ్చింది. గంటలన్నీ ఒక్కసారి మోగి, మళ్లీ నిశ్శబ్దం. తర్వాత ఎవరి దారిన వాళ్లు. ఇది ఈ లోయ పద్ధతి.

నాకు అన్నిటికన్నా నచ్చింది మాత్రం వీధిలో జరిగింది కాదు. నేను దిగిన గెస్ట్‌హౌస్ మామ్మగారు "మా ఇంటికీ వస్తారు, వంటింట్లో కూర్చో" అన్నారు. లోపలికి ముందు నికోలస్ వచ్చాడు. పెద్ద పుస్తకం తెరిచి మామ్మగారి మనవరాలిని, ఐదేళ్లుంటాయి, ఏదో అడిగాడు. ఆ పిల్ల గొంతు వణుకుతుంటే పద్యం అప్పజెప్పింది. మధ్యలో మర్చిపోయింది. బయట గంట ఒక్కసారి మోగింది. పద్యం మొత్తం గుర్తొచ్చేసింది! బుట్ట మనిషి నారింజలూ వాల్‌నట్స్ ఉన్న సంచి ఇచ్చాక క్రాంపుస్‌లు లోపలికొచ్చారు. పిల్ల వాళ్లమ్మ వెనక దాక్కుని, సంచి మాత్రం ముందుకు పట్టుకుంది. దీన్ని నేను వీడియో తియ్యలేదు. వాళ్లిల్లు కదా.

పిల్లల్ని ఇంత భయపెట్టొచ్చా అని మీరు కామెంట్ పెడతారని తెలుసు. ఈ గొడవ కొత్తది కాదు. 1930ల్లో ఆస్ట్రియా ప్రభుత్వం క్రాంపుస్‌ని నిషేధించింది కూడా. నా అభిప్రాయం అడిగితే, మూడేళ్ల పిల్లాణ్ణి స్ట్రోలర్‌లో పెట్టుకుని ఆ వీధి ముందు వరసలోకి మాత్రం వెళ్లకండి. ఇంట్లో, అమ్మ పక్కనుండగా చూడటం వేరు. తెలియని ఊళ్లో, చీకట్లో, గుంపులో వేరు.

వెళ్లేవాళ్లకి: డిసెంబర్ 5, 6 రెండు రాత్రులూ తిరుగుతారు. రూమ్ ముందే బుక్ చేసుకోండి. జీన్స్ లోపల థర్మల్ వేసుకోండి, అది చలికి కాదు. ముసుగు పట్టుకుని లాగొద్దు, కొమ్ములు పట్టుకుని సెల్ఫీ దిగొద్దు. క్రిస్మస్ తర్వాత వెళ్తే కనిపించేవి పెర్‌ఖ్టెన్ అనే ఇంకో రకం ముసుగు వేషాలు, అవి వేరే. గస్టైన్‌లో వాటి పెద్ద ఊరేగింపు నాలుగేళ్లకోసారే, జనవరి 6 చుట్టుపక్కల. నేనింకా చూడలేదు.

స్టార్లు ఇవ్వమంటారా? సిటీ పరుగుకి ఐదింటికి రెండు. ఈ ఊరికి ఐదు. అర స్టార్ తగ్గిద్దామనుకున్నా, పిక్క కోసం. తర్వాత మానేశా.

ఎందుకంటే రాత్రి పదకొండు దాటాక, ఊరి హోటల్లో నా పక్క టేబుల్ దగ్గరికి ఒకడొచ్చాడు. ముసుగు చంకలో ఉంది. లోపలున్నది పందొమ్మిదేళ్ల కుర్రాడు, జుట్టంతా చెమటతో అతుక్కుపోయి ఉంది. నా జీన్స్ మీద వైన్ మరక చూసి నవ్వి, "నేనేనా?" అని సైగ చేశాడు. ఏమో, నువ్వే అయ్యుండొచ్చు అన్నా. కుర్చీ చూపించాను. తల అడ్డంగా ఊపాడు. నడుము వెనక గంటలున్నాయి కదా, కూర్చోలేడు. నిలబడే సాసేజ్ తిని, ముసుగు పెట్టుకుని మళ్లీ వీధిలోకి వెళ్లాడు.