పాత బాబిన్ లేసు: చేత్తో అల్లిందా, మిషన్‌దా, ఏ కాలానిది?

[టేబుల్ మీద నల్ల గుడ్డ, దాని మీద నాలుగు వేళ్ల వెడల్పు లేసు ముక్క. క్లోజప్.]

నమస్తే అండి. ఈ ముక్కలో ముందు పూలు చూడకండి. చాలామంది పువ్వు చూడగానే 1700ల నాటిది అనేస్తారు. 19వ శతాబ్దంలో ఆ పాత డిజైన్లనే మళ్లీ మళ్లీ కాపీ చేశారు కాబట్టి, డిజైన్ చూసి ఇది ఫలానా కాలం కంటే ముందుది కాదని మాత్రమే చెప్పగలం. మనం చూడాల్సింది పూల మధ్యలో ఉన్న వల.

దానికంటే ముందు, అసలు ఇది బాబిన్ లేసేనా? మన నరసాపురం లేసు అందరికీ తెలుసు కదా, అది క్రోషే. ఒకటే దారం, కొక్కెం సూది, ముడిలోంచి ముడి లాగుతూ పోతారు. బాబిన్ లేసులో అలా కాదు, పదుల కొద్దీ, ఒక్కోసారి వందల కొద్దీ దారాలు ఉంటాయి, ఒక్కో దారం ఒక్కో చిన్న చెక్క పుల్లకు చుట్టి ఉంటుంది, ఆ పుల్లనే బాబిన్ అంటారు. దిండు మీద డిజైన్ కాగితం పెట్టి, గుండు సూదులు గుచ్చుతూ ఆ పుల్లలను అటూ ఇటూ దాటించి మెలేస్తారు. అందుకే భూతద్దం కింద పువ్వు రేకు పంచె గుడ్డలా, పడుగు పేకలా కనిపిస్తుంది. అలా కాకుండా రేకు మొత్తం కాజా కుట్టులా ఉంటే అది సూదితో కుట్టిన లేసు, అది వేరే కథ.

[భూతద్దం లోంచి వల.]

ఇదిగో, ఈ ఒక్క కన్ను చూడండి. ఆరు పక్కలు. రెండు పక్కల్లో నాలుగు దారాలు కలిపి జడ అల్లారు, మిగతా నాలుగు పక్కల్లో రెండేసి దారాలు ఊరికే మెలేశారు. పువ్వు చుట్టూ కాస్త లావుగా, మెరుస్తూ ఒక దారం పోతోంది చూశారా, అది తర్వాత కుట్టింది కాదు, అల్లుతూ ఉండగానే కలిపింది. ఈ రెండూ కలిస్తే ఫ్లాండర్స్ వైపు, అంటే ఇప్పటి బెల్జియం వైపు, మెక్లిన్ లేసు. అన్ని పక్కలూ జడే ఉండి, ఆ లావు దారం లేకపోతే వాలెన్సియెన్. ఎక్కడా జడ లేకుండా అంతా మెలికే అయితే, లావు దారం ఉన్నా సరే, లీల్ రకం.

ఇప్పుడు తేదీ. ఇంగ్లండ్‌లో జాన్ హీత్‌కోట్ 1808, 1809లో వల నేసే మిషన్‌కు పేటెంట్లు తీసుకున్నాడు. ఆ మిషన్ వలలోనూ ఆరు పక్కలుంటాయి, కానీ జడ ఉండదు. చేత్తో చేసిన పూలను ఆ వల మీద కుట్టిన లేసు చాలా దొరుకుతుంది, తిప్పి చూస్తే పువ్వు వెనక చాలాసార్లు వల అలాగే కొనసాగుతూ ఉంటుంది. అంటే అది 1809కి ముందుది అయ్యే అవకాశం లేదు. అలాగని దాన్ని తక్కువ చేయొద్దు, 1840లో విక్టోరియా రాణి పెళ్లి ముసుగు కూడా మిషన్ వల మీద హోనిటన్ పూలు, అంటే ఇంగ్లండ్‌లో చేత్తో అల్లే ఒక రకం బాబిన్ లేసు పూలు, కుట్టిందే.

దారం కూడా చూడాలి. పాతది అవిసె నార, అంటే లినెన్, నున్నగా, చల్లగా ఉండి చేత్తో వడికినందువల్ల అక్కడక్కడ మందం మారుతుంది. నూలు దారం 1830ల ప్రాంతం నుంచి బాగా వాడకంలోకి వచ్చింది, దానికి సన్నటి నూగు ఉంటుంది. దయచేసి కాల్చి చూడకండి! నార అయినా నూలు అయినా కాగితంలాగే కాలుతుంది, తేడా తెలియదు, ముక్క మాత్రం పోతుంది. గోధుమ రంగు చూసి కూడా నమ్మొద్దు, టీ నీళ్లలో ముంచితే ఏ లేసుకైనా ఆ రంగు వస్తుంది.

ఇలాగే ఆన్‌లైన్‌లో ఒకాయన నాకు చేతి అల్లిక, రెండు వందల ఏళ్లది అని ఒక అంచు లేసు అమ్మాడు. ఇంటికొచ్చాక చూస్తే 19వ శతాబ్దం చివర్లో వచ్చిన బార్మెన్ మిషన్ లేసు. ఆ డబ్బు గురించి ఇప్పటికీ బాధ ఉంది. ఆ మిషన్ నిజంగానే దారాలను బాబిన్లలాగే దాటిస్తుంది, అందుకే అల్లిక ఒక్కటే చూస్తే మోసపోతాం. డిజైన్ మళ్లీ వచ్చిన చోట్ల ఐదారింటిని పక్కపక్కనే పోల్చండి. మిషన్‌దైతే అన్నీ అచ్చు ఒకేలా ఉంటాయి, తప్పు ఉన్నా ప్రతిసారీ అదే చోట వస్తుంది. చేతిదైతే ఒక చోట బిగువు, ఒక చోట వదులు.

[మళ్లీ మొదటి ముక్క.]

దీంట్లో పైనంతా ఖాళీ వల, పూలు కింది అంచునే వరసగా ఉన్నాయి. 1700ల మొదట్లో అయితే డిజైన్ నిండుగా ఉండి వల కనిపించేదే కాదు, శతాబ్దం చివరికొచ్చేసరికి ఇలా పలచబడింది. నార దారం, జడ వల, ఈ డిజైన్, మూడూ కలిపి నేను 1770కీ 1800కీ మధ్య అంటాను.

ఇంకొక్క చోటు చూపిస్తాను, మూడో పువ్వు ఎడమ రేకు. ఒక్క వరసలో దారం రెట్టింపు ఉంది, తర్వాత మళ్లీ ఒంటి దారం. అక్కడ దారం అయిపోయో తెగిపోయో ఉంటుంది, ముడి వేస్తే పైకి కనిపిస్తుందని ఈ లేసు అల్లినామె కొత్త దారాన్ని పాతదాని పక్కనే కాసేపు నడిపించి, తర్వాత పాతదాన్ని కత్తిరించింది.