ఏడు మాత్రలు, ముప్పై పౌండ్లు

(హనుమకొండలో జరిగిన ఒక సంగీత శ్రవణ సభలో చేసిన ప్రసంగం పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లను అధ్యక్షులవారు ఇప్పటికే రెండుసార్లు చదివారు కనుక నేను మూడోసారి చదవను. పేర్ల సంగతి నా ప్రసంగంలో వేరే దారిన రాబోతున్నది. పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లండ్ రాక్ బృందం 1973 మార్చిలో విడుదల చేసిన ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ ఆల్బమ్ ఎలా తయారైందో, జనం దానిని ఎలా ఆదరించారో ఇరవై నిమిషాల్లో చెప్పమని నన్ను ఆదేశించారు.

ఏళ్ల తరబడి ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్పినవాడిని కాబట్టి ముందుగా రెండు తప్పులు పట్టకుండా ఉండలేను. అట్ట మీద గాజు పట్టకం గుండా వెళ్లిన తెల్లని కాంతి విడిపోయే బొమ్మ ఉంది కదా, అందులో రంగులు ఆరే, ఇండిగోను వదిలేశారు. ఇక పేరుకు అర్థం ‘చంద్రుడి చీకటి వైపు’ అని, కానీ చంద్రుడికి శాశ్వతంగా చీకటిలో ఉండే వైపు అంటూ ఏదీ లేదు. మనకు కనిపించని వైపు ఒకటి ఉంది, దానికీ మనకు కనిపించే వైపుకు తగిలినంత ఎండ తగులుతుంది. ఈ రెండో తప్పును ఆల్బమ్ చివర్లో ఒక గొంతు సరిదిద్దబోతుంది. ఆ గొంతు ఎవరిదన్నదే నేను ఈరోజు చెప్పదలచిన విషయానికి మొదలు.

నేను దీనిని మొదటిసారి విన్నది ఇక్కడి ఆర్‌ఈసీ (ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల) హాస్టల్‌లో, స్నేహితుడి గదిలో. టేపు మీది నుంచి టేపుకు ఎన్నిసార్లు ఎక్కించారో తెలియని ఒక క్యాసెట్; వానాకాలం రాత్రి వింటూ వింటూ నిద్రపోయాము. ఉన్నట్టుండి గడియారాలన్నీ ఒక్కసారిగా మోగేసరికి పక్క గదుల అలారాలు అనుకొని ఇద్దరమూ లేచి కూర్చున్నాము. నాలుగు స్పీకర్లలో ధ్వనిని పరీక్షించడం కోసం ఈ ఆల్బమ్‌కు పనిచేసిన అలన్ పార్సన్స్ అనే రికార్డింగు ఇంజనీరు ఒక పాత గడియారాల దుకాణానికి వెళ్లి ఒక్కొక్క గడియారం చప్పుడునూ విడివిడిగా రికార్డు చేసుకు వచ్చాడనీ, ఆ పరీక్ష టేపే ‘టైమ్’ అనే పాటకు ఎత్తుగడ అయిందనీ చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

రికార్డింగు 1972 వేసవి తొలిరోజుల నుంచి 1973 మొదటి వారాల వరకు, మధ్య మధ్య ఆగుతూ, లండన్‌లోని అబీ రోడ్ స్టూడియోలో జరిగింది. ఆ స్టూడియో అప్పట్లో ఇ.ఎం.ఐ. అనే రికార్డుల కంపెనీ వారిది, అంటే మన ఇళ్లలో తిరిగిన హెచ్‌ఎంవీ రికార్డుల కుటుంబమే. అంతకు ముందే ఈ పాటలను ఊరూరా కచేరీలలో పాడి, జనం ముందు సానబెట్టి, ఆ తరువాతనే పదహారు ట్రాకుల టేపుకు ఎక్కించారు. ‘మనీ’ అనే పాటకు నాణేల గలగల, కాగితం చిరిగే చప్పుడు, గల్లాపెట్టె యంత్రం మోత మొదలైన ఏడు శబ్దాల టేపు ముక్కలను స్కేలుతో సమానంగా కొలిచి, కత్తిరించి, అతికించి, ఒక చుట్టగా తిప్పారు. అది ఏడు మాత్రల నడక. సంగీతం వచ్చిన పెద్దలు ఈ పాటికి మనసులో ‘తకిట తకధిమి’ అనుకొనే ఉంటారు. అవును, మన మిశ్రచాపు తాళం లెక్కే. శాక్సఫోన్ కూడా ఆ ఏడులోనే నడుస్తుంది. గిటారు వంతు వచ్చేసరికి మాత్రం హాయిగా నాలుగులోకి దిగిపోతారు. ఈ సంగతి మీద ఒక గంట మాట్లాడగలను, కానీ మాట్లాడను.

బృందంలోని రోజర్ వాటర్స్ కార్డుల మీద ప్రశ్నలు రాసి, స్టూడియోలో ఎదురుపడినవారినల్లా చీకటి గదిలో కూర్చోబెట్టి జవాబులు రికార్డు చేశాడు. చావంటే భయమా, చివరిసారి ఎవరినైనా ఎప్పుడు కొట్టావు, అప్పుడు న్యాయం నీవైపే ఉన్నదా అన్నటువంటి ప్రశ్నలు. పక్క గదిలో పని చేసుకుంటున్న బీటిల్స్ గాయకుడు పాల్ మకార్ట్‌నీ అంతటివాడు కూడా జవాబులు చెప్పాడు, కానీ మరీ ఆచితూచి మాట్లాడాడని వాటిని వాడలేదు. వాడినది జెర్రీ ఓడ్రిస్కాల్ అనే ద్వారపాలకుడి మాటలు. చంద్రుడికి చీకటి వైపంటూ లేదు, నిజానికి అంతా చీకటే అని ఆల్బమ్ చివర్లో అనేది ఆయనే. మహా గాయకుడి మాట కత్తెర పాలైంది, దర్వాజా దగ్గరి మనిషి మాట మిగిలింది. నాకు ఈ ఆల్బమ్ మీద గౌరవం కలగడానికి సగం కారణం ఇదే.

మిగతా సగమే గొంతులో ముల్లులా ఉన్నది. రికార్డు మొదటి వైపు చివర, బృందంలోని రిచర్డ్ రైట్ కట్టిన ‘ది గ్రేట్ గిగ్ ఇన్ ది స్కై’ అనే పియానో పాట ఒకటి ఉన్నది. 1973 జనవరిలో ఒక ఆదివారం క్లేర్ టోరీ అనే గాయనిని పిలిపించారు. మాటలు లేవు, చావు గురించి అనుకొని ఏదైనా పాడమన్నారు. ఆమె తన గొంతునే ఒక వాద్యం అనుకొని రెండుసార్లు పూర్తిగా, మూడోసారి సగం పాడి, సరిగా రాలేదేమోనని క్షమాపణ చెప్పుకొని వెళ్లిపోయింది. ఆదివారం కనుక రెట్టింపు కూలి, ముప్పై పౌండ్లు ఇచ్చారు. తన గొంతును వాడుకున్నారని ఆమెకు తెలిసింది రికార్డుల దుకాణంలో అట్ట మీద తన పేరు చూసినప్పుడే. పాడినవారిగా పేరు వేశారు, స్వరకర్తగా వేయలేదు. ఆమె 2004లో దావా వేసింది, 2005లో రాజీ కుదిరింది, అప్పటి నుంచి రైట్ పేరు పక్కన ఆమె పేరూ అచ్చవుతున్నది. ముప్పై రెండేళ్లు!

ఇది చదివిన రోజు నాకు మా పెద్దక్క గుర్తుకు వచ్చింది. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, రెండు నిమిషాలు మన్నించాలి. 1980ల చివర్లో బతుకమ్మ పాటల క్యాసెట్ కోసం కోరస్ పాడడానికి మా అక్కను మరో నలుగురు ఆడవాళ్లతో హైదరాబాదు తీసుకుపోయారు. మొదటి పాటకు ముందు కొంత టేపు ఖాళీ మిగిలిందట. ‘ఏదో ఒకటి ఎత్తుకో అమ్మా’ అన్నారట. అక్క మాటలు లేకుండా ఒక్క ‘ఉయ్యాలో’ను పట్టుకొని లాగింది, మా అమ్మ నాట్లలో లాగినట్టు. నూటయాభై రూపాయలు, టిఫిను, బస్సు కిరాయి ఇచ్చారు. ఆ పండుగకు వరంగల్ చౌరస్తాలో ఏ దుకాణం ముందు నిలబడినా ఆ ‘ఉయ్యాలో’నే. క్యాసెట్ మీద సమర్పణ చేసినవారి పేరున్నది, వారి కొడుకు పేరున్నది. అక్క పేరు లేదు. టోరీకి ఉన్నపాటి పేరు కూడా లేదన్నమాట. క్యాసెట్ వేసినవారికి నేను మూడు ఉత్తరాలు రాస్తే ఒక్కదానికీ జవాబు రాలేదు. మన దేశంలో ప్రదర్శకులకు కాపీరైట్ చట్టంలో హక్కు కల్పించింది 1994 సవరణ, పేరు చెప్పించుకునే హక్కు ఇచ్చింది 2012 సవరణ అని అక్కకు వివరించి, ఒక వకీలును అడుగుదామన్నాను. ‘కోర్టుకు పోతే బస్సు కిరాయికే ఆ నూటయాభై అయితయి తమ్మీ’ అన్నది.

విడుదలనాటి సంగతి చెప్పమన్నారు, చెబుతాను. లండన్ ప్లానెటేరియంలో విలేకరులకు వినిపించిన రోజు, నాలుగు స్పీకర్ల మిక్సింగు పూర్తి కాలేదన్న అలకతో రైట్ తప్ప మిగతా ముగ్గురూ రాలేదు. వారి నిలువెత్తు అట్టబొమ్మలు నిలబెట్టారు. అమెరికా ఆల్బమ్‌ల అమ్మకాల పట్టికలో మొదటి స్థానంలో ఉన్నది ఒక్క వారమే, కానీ 1988 వరకు లెక్కవేస్తే ఆ పట్టికలో 700 వారాలకు పైగా నిలిచింది. 4 కోట్లకు పైగా అమ్ముడయిందని అంచనా. విమర్శకుల మాటలు మీరు ఎక్కడైనా చదువుకోవచ్చు.

నేను మిమ్మల్ని అడిగేది వేరు. ఇక్కడ రెండు వందల మంది ఉన్నారు. మీలో ఎందరి అటకల మీద పాత క్యాసెట్లున్నాయి? ఒగ్గుకథలు, బతుకమ్మ పాటలు, డప్పు మీది పాటలు. వాటిని పారేసే ముందు ఇంట్లో ముసలివారిని కూర్చోబెట్టి, ఈ గొంతు ఎవరిదో ఆనవాలు పట్టమని అడగండి. చెప్పిన పేరును ఆ క్యాసెట్ కాగితం మీదే పెన్నుతో రాయండి. మా ఇంట్లో ఉన్నదాని మీద నేను రాశాను.

ఇప్పుడు ఆ రైట్ పాటను వినిపిస్తారు. టోరీ గొంతు వెంటనే రాదు, పియానో ఒక నిమిషం నడిచిన తరువాతనే వస్తుంది. బాబూ, ఆ వెనక వరుస ఫ్యాన్లు కాసేపు ఆపండి, చప్పుడు చేస్తున్నాయి. మూడో వరుసలో మా అక్క కూర్చున్నది, ఆమెకు ఒక చెవి సరిగా వినపడదు.