ఒక్క వాల్వు ఏడాదికి ఎంత బొగ్గు తింటుంది?

నమస్తే. స్టీమ్ లైన్ పొడవునా శ్రద్ధగా ఇన్సులేషన్ చుట్టి, పైన అల్యూమినియం షీటు వేసి, వాల్వు దగ్గరికి వచ్చేసరికి వదిలేస్తారు. ఫార్మా యూనిట్ అయినా, ఉప్పుడు బియ్యం మిల్లు అయినా ఇదే తీరు. గ్లాండ్ (వాల్వు కడ్డీ చుట్టూ ఆవిరి బయటికి రాకుండా బిగించే భాగం) లీకైనప్పుడు విప్పిన ఇన్సులేషన్‌ను మళ్లీ పెట్టే నాథుడు ఉండడు. అడిగితే “చిన్న వాల్వే కదా సార్” అంటారు. ఆ చిన్న వాల్వు లెక్కే ఇవాళ వేద్దాం.

నాలుగు అంగుళాల గేట్ వాల్వు, లోపల గేజ్ మీద 7 బార్ స్టీమ్ అనుకోండి. అంటే దాదాపు 170 డిగ్రీలు. చుట్టూ గాలి 30 డిగ్రీలు. వేడి రెండు దారుల్లో పోతుంది. రేడియేషన్ ఉష్ణోగ్రత నాలుగో ఘాతంతో పెరుగుతుంది కాబట్టి కెల్విన్‌లోకి మార్చి 443, 303 పెట్టాలి. ఎమిసివిటీ, అంటే ఉపరితలం వేడిని ఎంత బాగా వెదజల్లుతుందో చెప్పే అంకె, 0.9 తీసుకుంటే చదరపు మీటరుకు సుమారు 1,500 వాట్లు. గాలి ద్వారా పోయేది, ఈదురుగాలి లేని చోట, ఇంకో 1,000. మొత్తం 2,500. ఆరుబయట గాలికి ఉన్న వాల్వుకు ఇది ఇంకా పెరుగుతుంది.

ఎక్కువమంది పొరపాటు పడేది వైశాల్యం దగ్గరే. వాల్వు అంటే ఒక మీటరు పైపు అని వేసేస్తారు. నాలుగు అంగుళాల పైపు మీటరుకు 0.36 చదరపు మీటర్లే. వాల్వుకు బాడీ, బోనెట్ (బాడీ పైన బిగించే మూత), రెండు పక్కలా పైపుకు బోల్టులతో కలిపే జత ఫ్లాంజ్‌లు ఉంటాయి. ఇవాళ్టి లెక్కకు అర చదరపు మీటరు అనుకుందాం. మీ సైజుకు, మీ ప్రెషర్ క్లాసుకు సరైన అంకె కావాలంటే ఏఎస్‌టీఎం సీ1129 ప్రమాణంలో పట్టిక ఉంది, అది వాడండి.

అంటే 1,250 వాట్లు. ఏడాదికి 8,000 గంటలు నడిస్తే పది వేల యూనిట్లు! స్టీమ్ రూపంలో 17 టన్నుల పైచిలుకు. బాయిలర్ ఎఫిషియెన్సీ 75 శాతం, బొగ్గు కిలోకు 4,000 కిలో కేలరీలు అయితే, మూడు టన్నులకు కాస్త తక్కువ బొగ్గు. ఒక్క వాల్వుకు! సీజన్‌లోనే నడిచే మిల్లయితే గంటలు తగ్గించి వేసుకోండి. మేనేజర్ దగ్గరికి మాత్రం వాట్లతో వెళ్లకండి, టన్నులతో వెళ్లండి.

ఈ అంకె కొంచెం ఎక్కువే వచ్చిందని నేనూ ఒప్పుకుంటాను. బోనెట్ పైభాగం, హ్యాండ్‌వీల్ 170 దాకా వేడెక్కవు. అందుకే కొలవాలి. ఐఆర్ గన్ (తాకకుండా దూరం నుంచి ఉష్ణోగ్రత చూపే పరికరం) తీసుకెళ్తే జాగ్రత్త, సిల్వర్ పెయింట్ వేసిన వాల్వు మీద అది అసలు కంటే బాగా తక్కువ చూపిస్తుంది. వేడిని తట్టుకునే నల్ల పెయింట్‌తో చిన్న మచ్చ వేసి, దాని మీద కొలవండి. ఆ సిల్వర్ పెయింట్ కొత్తగా ఉన్నన్నాళ్లు రేడియేషన్‌ను నిజంగానే తగ్గిస్తుంది, కాబట్టి లెక్కలో ఎమిసివిటీ కూడా తగ్గించాలి. మసి, దుమ్ము పట్టాక ఆ లాభం పోతుంది.

పరిష్కారంగా నేను చెప్పేది విప్పి మళ్లీ కట్టుకునే జాకెట్. సరిగ్గా బిగిస్తే నష్టంలో 90 శాతం దాకా ఆగుతుంది. గ్లాండ్ మాత్రం కనిపించేలా వదలండి, లీకు కప్పబడిపోకూడదు. పక్కనే ఉన్న స్టీమ్ ట్రాప్‌కూ (ఆవిరిని ఆపి, అది చల్లబడి అయిన నీటిని బయటికి పంపే పరికరం) అదే ఊపులో చుట్టేయకండి. థర్మోడైనమిక్, థర్మోస్టాటిక్ రకం ట్రాప్‌లు చల్లబడితేనే తెరుచుకుంటాయి, వాటికి జాకెట్ వేస్తే కండెన్సేట్, అంటే ఆ నీరు, లైన్లోనే నిలిచిపోతుంది.