మా ఇంట్లో పిల్లల్ని చూసుకోవడానికి అసిస్టెంట్ వచ్చారు, గంటకు 1,400 రూపాయలు | రెడింగ్ వ్లాగ్

నమస్తే అండీ, అందరూ బాగున్నారా? అక్టోబరు కదా, పొద్దున ఏడు కావస్తున్నా ఇంగ్లండ్‌లోని మా రెడింగ్‌లో చీకటే. నరసరావుపేట నుంచి మా పిన్ని నెలరోజులుగా ఒకటే అడుగుతోంది, "ఇంట్లోనే ఉంటావు కదా, నీకు మళ్ళీ పనిమనిషి ఎందుకే?" అని. పిన్నీ, ఆవిడ పనిమనిషి కాదు. ఈ వీడియో నీకోసమే.

పిల్లలు వచ్చాక ఫోన్ బయటికి తీయను. అందుకే ఖాళీ హాలు చూపిస్తూ, జరిగింది రాత్రి కూర్చుని చెబుతున్నాను.

నాది చైల్డ్‌మైండర్ పని. ఉద్యోగాలకు వెళ్ళేవాళ్ళ పిల్లల్ని మా ఇంట్లోనే ఉంచుకుని చూసుకుంటాను. దీనికి ఇంగ్లండ్‌లో ఆఫ్‌స్టెడ్ అనే ప్రభుత్వ సంస్థ దగ్గర రిజిస్టర్ అయ్యాను. స్కూళ్ళను తనిఖీ చేసేది కూడా వాళ్ళే. ఒక్కరే చూసుకుంటే ఎనిమిదేళ్ళలోపు పిల్లలు ఆరుగురికి మించకూడదు, వాళ్ళలో ఐదేళ్ళలోపు చిన్నవాళ్ళు ముగ్గురే. సొంత పిల్లలూ ఆ లెక్కలోకే వస్తారు. మా చిన్నదానికి మూడేళ్ళు కాబట్టి నాకు మిగిలేది ఇద్దరు.

నాలుగేళ్ళు అలాగే నడిపాను. అన్నిటికన్నా బాధ ఎక్కడంటే, మధ్యాహ్నం రెండున్నరకు. అప్పుడే పిల్లలు గాఢనిద్రలో ఉంటారు. మా పెద్దదాని స్కూలు వదిలేది మూడుంబావుకు. చిన్నపిల్లల్ని ఇంట్లో వదిలి వెళ్ళకూడదు. నిద్రపోయే పసివాళ్ళను లేపకూడదని మన ఇళ్ళల్లో ఎంత గట్టిగా చెబుతారు! నేనేమో రోజూ లేపి, ఏడుస్తుంటే కోటు తొడిగి, తోసుకెళ్ళే బగ్గీలో కూర్చోబెట్టి వానలో తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు పాప దారంతా వెక్కివెక్కి ఏడ్చింది. ఆ రాత్రే మావారితో చెప్పాను, ఇక మనిషిని పెట్టుకుందామని.

పెట్టుకోవడం అంటే మన ఊళ్ళోలా పక్కింటివాళ్ళతో ఒక మాట చెప్పడం కాదు. పోలీసు రికార్డులు చూసే డీబీఎస్ చెక్, ఆఫ్‌స్టెడ్‌కు ఆవిడ వివరాలు, పిల్లల ఫస్ట్ ఎయిడ్ కోర్సు 12 గంటలు. అది మూడేళ్ళకోసారి మళ్ళీ చెయ్యాలి. పిల్లల సంఖ్య పెరుగుతుంది కాబట్టి మావారు టేప్ పట్టుకుని హాలు కూడా కొలిచారు. రెండేళ్ళలోపు ఒక్కొక్కరికి 3.5 చదరపు మీటర్ల చోటు ఉండాలి. పెద్ద సోఫా అందుకే తీసేశాం. ఇంకా, యజమానిగా నేను చేయించాల్సిన ఇన్సూరెన్స్ కనీసం 50 లక్షల పౌండ్లకు ఉండాలి. పౌండు 115 రూపాయలు వేసుకుంటే 57.5 కోట్లు! అది లేకపోతే జరిమానా రోజుకు 2,500 పౌండ్ల దాకా. ఆ వారం టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు.

జీతం సంగతి. 2025 ఏప్రిల్ నుంచి 2026 మార్చి దాకా 21 ఏళ్ళు నిండినవాళ్ళకు గంటకు కనీసం 12.21 పౌండ్లు, అంటే 1,400 రూపాయలు. ఆవిడ వారానికి 20 గంటలు చేస్తారు, 244 పౌండ్లు. ఇప్పుడు ఇద్దరం ఉన్నాం కాబట్టి ఆ గంటల్లోనే కొత్తగా ఇద్దరు పిల్లలు వస్తున్నారు, వాళ్ళ ఫీజు 280. మిగిలిన 36 పౌండ్లలోనే ఆవిడ పెన్షన్‌కు నా వాటా, ఇన్సూరెన్స్.

"మరి నీకేం మిగిలినట్టే?" అంటావు పిన్నీ. ఈరోజు నిద్రపోతున్న ముగ్గురినీ ఆవిడకు అప్పగించి, మా చిన్నదాన్నీ, మెలకువగా ఉన్న బాబునీ తీసుకుని స్కూలుకి వెళ్ళాను. తల్లిదండ్రులు ఒప్పుకుంటే అసిస్టెంట్ ఒక్కరే రోజుకు రెండు గంటల వరకు పిల్లల్ని చూసుకోవచ్చు. తిరిగి వచ్చేసరికి ముగ్గురూ ఇంకా పడుకునే ఉన్నారు. ఆవిడ నాకు టీ పెట్టి ఉంచారు. నాలుగేళ్ళలో పగటిపూట ఈ ఇంట్లో నాకు ఒకరు టీ ఇవ్వడం అదే మొదలు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పెద్దవాళ్ళతో మాట్లాడని రోజులు ఎన్నో గడిపాను. కళ్ళు చెమర్చాయి.

ఆవిడకు 58 ఏళ్ళు, మా అమ్మ ఈడు. ఇక్కడ అందరూ పేరుతోనే పిలుచుకుంటారు, నాకేమో నోరు రావడం లేదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడను చిన్నప్పుడు మేం "అత్తా" అని పిలిచేవాళ్ళం. కానీ ఆ అత్త రాని రోజుకు అమ్మ నాగా కట్టి డబ్బు తగ్గించేది. ఇక్కడ వరస లేదు, కానీ ఏడాదికి 5.6 వారాలు జీతంతో సెలవు. వారానికి నాలుగు రోజులు చేస్తారు కాబట్టి 22.4 రోజులు, ఆ 0.4 కూడా లెక్కగట్టి ఇవ్వాలి. డిసెంబరులో కూతురి దగ్గరికి వెళ్ళడానికి నాలుగు రోజులు అడిగారు, రాసుకున్నాను.

ఆ రాసుకుంటుంటే అత్త గుర్తొచ్చింది. వెంటనే అమ్మకు ఫోన్ చేశాను. దసరాకి అత్త ఊరెళ్ళిందట, నాలుగు నాగాలు. "ఆ డబ్బు నేను పంపిస్తాను, ఇచ్చెయ్యమ్మా" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నువ్వెందుకులే, రేపు పొద్దున రాగానే నేనే ఇస్తాను" అంది.