డాక్ కొనే ముందు దాని వెనక వైపు చూడండి

నమస్కారమండీ. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంటి హాల్లోంచి మాట్లాడుతున్నాను. మధ్యలో కుక్కర్ కూత వినిపిస్తే సర్దుకోండి.

ఈరోజు సంగతి డాక్, అంటే డిజిటల్ టు అనలాగ్ కన్వర్టర్. ఫోన్లో పాట అంకెలుగా ఉంటుంది, యాంప్లిఫైయర్‌కి అది కరెంటు అలగా కావాలి. ఆ మార్పు చేసేదే డాక్. మీ ఫోన్లో, టీవీలో లోపల ఒకటి ఎలాగూ ఉంటుంది. దానితో తృప్తి లేకపోతేనే ఈ పెట్టె.

షాపులో 32 బిట్, 768 కిలోహెర్ట్జ్ అంటారు. బిట్ అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో, కిలోహెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని వేల కొలతలో. తొందరపడకండి. 1982లో వచ్చిన సీడీ 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్. మనిషి చెవికి వినబడేది మహా అయితే 20 కిలోహెర్ట్జ్ దాకా, కొలతలు దానికి రెట్టింపు దాటితే సరిపోతుంది కాబట్టి సీడీ లెక్కే చాలు. నా వయసులో ఆ 20 కూడా లేదు లెండి.

నేనైతే ముందు వెనక పోర్టులు చూస్తాను. ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నా. ఈ చిన్న చదరపు రంధ్రం ఆప్టికల్. కేబుల్ కొనలో ఎర్రగా వెలుగుతోంది చూడండి, టీవీ నుంచి పాట ఆ వెలుగులోనే వస్తుంది. పక్కది యూఎస్‌బీ. ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ జాక్‌లు యాంప్‌కి.

ఆ వెలుగు విలువ నాకు ఆలస్యంగా తెలిసింది. మొదట ల్యాప్‌టాప్‌ని యూఎస్‌బీతో కలిపాను. స్పీకర్లలో ఒకటే గుయ్‌మని హమ్. నాలుగు రోజులు కేబుళ్లు మార్చాను, డాక్‌ని తిట్టుకున్నాను. ఓ రాత్రి ల్యాప్‌టాప్ చార్జర్ పీకితే ఠక్కున ఆగిపోయింది! చార్జర్ ఎర్తింగ్, యాంప్ ఎర్తింగ్ కలిసి చుట్టులా తయారయ్యాయి, గ్రౌండ్ లూప్ అంటారు. ఆప్టికల్‌లో రాగి తీగే ఉండదు కాబట్టి ఆ దారిన హమ్ రాదు. ఇప్పుడు పాటలు టీవీలోనే పెట్టుకుంటున్నా.

ఆప్టికల్ పెట్టాక శబ్దం రాకపోతే డాక్ వాపసు ఇచ్చేయకండి. టీవీ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఆడియోని పీసీఎంకి, అంటే కుదించని మామూలు ఆడియోకి, మార్చండి. టీవీ డాల్బీ పద్ధతిలో కుదించి పంపితే మామూలు స్టీరియో డాక్‌కి అర్థం కాదు.

యాంప్ వెనక ఆక్స్ లేదా సీడీ అని రాసి ఉన్న చోటే గుచ్చండి. ఫోనోలో మాత్రం వద్దు. అది రికార్డు ప్లేయర్ ఇచ్చే కొద్ది మిల్లీవోల్టుల కోసం, డాక్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు. పాట చిరిగిపోయినట్టు వస్తుంది.

మన ఊరి సంగతి ఒకటి. ఉప్పు గాలికి కిటికీ బోల్టులే తుప్పు పడతాయి, జాక్‌లు ఎంత? ఇది చూడండి, నల్లటి మచ్చ. దీనివల్లే కుడి స్పీకర్ వస్తూ పోతూ ఉండేది. అన్నీ ఆపేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన ఇయర్‌బడ్‌తో తుడిచి, ఆరాక గుచ్చండి. బంగారు పూత జాక్‌లకి కాస్త ఎక్కువైనా ఇస్తాను.

ఇంట్లో టైప్ సీ డాంగిల్, అంటే ఫోన్‌కి గుచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకునే చిన్న తోక, ఉంటే ముందు దానితో పోల్చండి. రెండింటి వాల్యూమ్ సమానంగా ఉండాలి, ఏది కాస్త గట్టిగా మోగితే అదే బాగుందనిపిస్తుంది మరి. తేడా తెలియకపోతే డబ్బులు స్పీకర్లకి దాచుకోండి.

సరే, వాల్యూమ్ సున్నాలో ఉంది. ముందు డాక్ ఆన్, తర్వాత యాంప్. పాట పెడుతున్నా, హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి.