ఫోన్‌ను వంచడానికి ఎంత బలం కావాలి?

అందరూ ఒక్కసారి మీ ఫోన్‌ను, పుల్లను విరవబోతున్నట్టుగా రెండు చేతులతో పట్టుకోండి. వంచకండి, పట్టుకుంటే చాలు. బొటనవేళ్లు రెండూ మధ్యలో ఆనాయి, మిగతా వేళ్లు చివర్లను అవతలి నుంచి పట్టుకున్నాయి కదా? ఈరోజు నా మాటలన్నీ ఆ పట్టు గురించే.

2014 సెప్టెంబరులో ఐఫోన్ 6 ప్లస్ జేబులో ఉండగానే వంగుతోందని పెద్ద గొడవైంది. వస్తువులను పరీక్షించి చూసే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ కొన్ని ఫోన్లను యంత్రం మీద పెట్టి చూసింది. మీ పట్టులాగే, చివర్ల కింద ఆధారం, నడుమ పైనుంచి ఒత్తిడి. ఐఫోన్ 6 సుమారు 32 కిలోల దగ్గర వంగి, అలాగే ఉండిపోయింది. 6 ప్లస్ 41 కిలోల దాకా ఆగింది. ఐఫోన్ 5 అయితే 59 కిలోల దాకా!

‘అలాగే ఉండిపోయింది’ అన్నది ముఖ్యం. నొక్కితే ఏ ఫోనైనా కాస్త వంగుతుంది, వదిలితే మామూలుగా అయిపోతుంది. హద్దు దాటితేనే లోహం ఇక వెనక్కి రాదు.

ఐఫోన్ 5 మందం 7.6 మిల్లీమీటర్లు, 6 మందం 6.9. తేడా ఒక్క మిల్లీమీటరు కూడా లేదు. కానీ పలక బిగువు, అంటే వంగకుండా నిలిచే గుణం, మందం ఘనాన్ని (మందం × మందం × మందం) బట్టి ఉంటుంది. సాదా పలకలో మందం ఇంత తగ్గితే బిగువులో దాదాపు నాలుగో వంతు పోతుంది. పైగా ఫోన్ పొడవు పెరిగింది. పొడవు పెరిగితే అదే బలం ఎక్కువ వంచుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు చూడండి. యంత్రం మీద 6 కంటే 6 ప్లస్సే గట్టిగా నిలిచింది. కానీ 2018లో కోర్టు ద్వారా బయటికొచ్చిన ఆపిల్ సొంత పత్రాల్లో లెక్క వేరు. 5ఎస్‌తో పోలిస్తే వంగే అవకాశం 6కి 3.3 రెట్లు, 6 ప్లస్‌కి 7.2 రెట్లు. నాకు తోచిన కారణం ఇది: యంత్రం సరిగ్గా నడుమ నొక్కుతుంది. చేయి, జేబు అలా నొక్కవు. వాల్యూమ్ బటన్ల కోసం ఫ్రేమ్‌కు కంతలు పెట్టిన చోటే 6 ప్లస్ వంగేది. కాబట్టి ఎన్ని కిలోలు అని అడిగితే సగం ప్రశ్నే అడిగినట్టు. ఎక్కడ నొక్కారన్నదీ అడగాలి. 2015లో వచ్చిన 6ఎస్‌కు 7000 శ్రేణి అనే మరింత గట్టి అల్యూమినియం వాడారు.

ఒక్క విషయం మాత్రం దయచేసి గుర్తుంచుకోండి. ఫోన్ వంగితే దాన్ని మళ్లీ చేత్తో తిన్నగా చేయకండి. లోపలి లిథియం బ్యాటరీ పొరల మధ్య ఉన్నది చాలా పల్చని తెర. అది చిరిగితే షార్ట్ సర్క్యూట్ అయి మంటలు రావచ్చు. ఛార్జింగ్ పెట్టకుండా, స్విచాఫ్ చేసి రిపేరుకు ఇవ్వండి.