కొండ మీద కోట, ఊరి నడుమ చర్చి

శ్రోతలకు నమస్కారం. ఒక కోటనూ ఒక పాత నగరాన్నీ ఒక్క రోజులో చూసి రావాలంటే, ఫ్రాన్సు తూర్పు అంచున ఉన్న ఆల్సాస్‌ని మించిన చోటు నాకు తోచదు. ఊరు స్ట్రాస్‌బర్గ్. కోట పేరు ఓ-కోనిగ్స్‌బుర్. పేరు పలకడమే కష్టం, చేరుకోవడం తేలిక. రైల్లో అరగంటలో సెలెస్టా అనే ఊరు, అక్కణ్ణుంచి బస్సులో కొండ మీదికి.

ఎర్రటి ఇసుకరాతి గోడలు చూడగానే, వందల ఏళ్లనాటి కోట ఎంత చెక్కుచెదరకుండా ఉందో అనిపిస్తుంది. నిజానికి 1633లో స్వీడన్ సేనలు దీన్ని 52 రోజులు ముట్టడించి, పట్టుకుని తగలబెట్టాయి. ఆ తర్వాత రెండున్నర శతాబ్దాలకు పైగా మిగిలినవి మొండిగోడలే. 1871లో ఆల్సాస్ జర్మనీ చేతికి పోయింది. 1899లో సెలెస్టా వాళ్లు ఆ శిథిలాన్ని కైజర్‌కు, అంటే జర్మనీ చక్రవర్తి రెండో విల్‌హెల్మ్‌కు కానుకగా ఇచ్చారు. బోడో ఎబ్‌హార్ట్ అనే ఆర్కిటెక్టు 1900 నుంచి 1908 దాకా పనిచేసి, 15వ శతాబ్దం చివర్లో ఎలా ఉండేదో అలా నిలబెట్టాలని చూశాడు. దొరికిన ఆనవాళ్లు కొన్ని, మిగతాది ఊహ. కైజర్ హాలు ఎత్తుగా ఉండాలని మధ్యలో ఒక అంతస్తే తీసేశారు! తలెత్తితే పైకప్పు నిండా పెద్ద డేగ బొమ్మ, ‘దేవుడు మాతో ఉన్నాడు’ అన్న జర్మన్ మాట. పదేళ్లు తిరిగేసరికి కైజర్‌కు సింహాసనం పోయింది. 1919లో కోట ఫ్రాన్సుకు దక్కింది.

ఇదంతా సినిమా సెట్టింగ్ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. వాళ్లు ఒకసారి స్ట్రాస్‌బర్గ్ కేథడ్రల్ ముందు నిలబడాలి. 142 మీటర్ల శిఖరం 1439లో పూర్తయింది. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో దాన్ని మించిన ఎత్తైన కట్టడం లేదు. రెండో శిఖరం మాత్రం కట్టనే లేదు. ఫ్రెంచి విప్లవంలో శిల్పాలు పగిలాయి, 1870లో జర్మన్ సేనల ముట్టడిలో కప్పు కాలింది, 1944లో బాంబులు పడ్డాయి. దక్షిణ ద్వారం దగ్గర అందరూ ఫొటోలు తీసుకునే ఆ ఇద్దరు స్త్రీమూర్తులు నకళ్లే. అసలువి పక్కనే మ్యూజియంలో ఉన్నాయి. 13వ శతాబ్దం నుంచీ ఈ చర్చి బాగోగులు చూస్తున్న సంస్థ ఒకటుంది. దాని శిల్పులు ఇప్పటికీ అరిగిన రాయి తీసి కొత్తది పెడుతూనే ఉంటారు. కొత్త రాయి పెట్టడం తప్పయితే రెండుచోట్లా తప్పే. తేడా అల్లా, ఇక్కడ మరమ్మతు ఎప్పుడూ ఆగలేదు. అక్కడ చాలాకాలం ఆగి, ఒక రాజుగారి సరదా కొద్దీ మొదలైంది.

కేథడ్రల్ లోపల 1842 నాటి ఖగోళ గడియారం ఉంది. మధ్యాహ్నం 12:30కి క్రీస్తు ముందు నుంచి శిష్యుల బొమ్మలు వరసగా సాగుతాయి, పైన కోడిపుంజు రెక్కలాడించి కూస్తుంది. జనం బాగా ఉంటారు, దీనికి టికెట్ వేరు. అందుకే పొద్దుట ఊరు, మధ్యాహ్నం కోట పెట్టుకోండి. కోటకు వెళ్లే బస్సు ఏడాదంతా రోజూ ఉండదు, తిరుగు బస్సు టైము కూడా ముందే చూసుకోండి.